ముక్కు మీద నల్లచుక్క

మనిషి చేతికి అద్దం ఎవరిచ్చారో గాని, ఆనాటినుంచీ ముక్కుకి మనశ్శాంతి లేకుండా పోయింది. అంతకుముందు దాని పనల్లా ఊపిరి పీల్చడం, వాసన చూడడం, అప్పుడప్పుడు యజమాని కోపాన్ని కొసమీద మోయడం. అద్దం వచ్చాక రోజూ పరీక్షకి కూచునే పని కూడా పడింది.

మా చిన్నప్పుడు ఆ పరీక్షలకి అధికారి మా మేనత్త. ఆదివారం తలంట్లు అయ్యాక పెరటి అరుగుమీద ఎండలో పిల్లలందర్నీ వరసగా కూచోబెట్టేది. ఒక్కొక్కళ్ళ గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి, ముక్కుకి అటూ ఇటూ పరికించేది. నల్లచుక్క కనిపించిందో, కొప్పులోంచి తలపిన్ను లాగేది. "మురికిరా వెధవా, మురికి! వారంనుంచీ సబ్బు సరిగ్గా రుద్దుకోలేదన్నమాట" అని తీర్పు చెప్పి, అక్కడికక్కడే శిక్ష అమలు జరిపేది. పిన్ను వంపుతో నొక్కితే సన్నటి తెల్లదారంలాంటిది, కొసన నల్లటి తలతో బయటికొచ్చేది. "చూశావా!" అనేది అత్తయ్య విజయగర్వంతో. చూడడానికి మా కళ్ళల్లో నీళ్ళు అడ్డం.

ఆ తీర్పు తప్పని తెలుసుకోడానికి నాకు ముప్ఫై ఏళ్ళు పట్టింది. లోకానికి అంతకంటే చాలా ఎక్కువ పట్టింది. అంచేత అత్తయ్యని అనడానికేమీ లేదు. బ్లాక్‌హెడ్స్ అని ఇప్పుడు మనం పిలుచుకునే ఈ చుక్కల చరిత్ర పొడుగునా మనిషి చేసిన పని ఒక్కటే - ఎవరో ఒకరిమీద నేరం మోపడం. పురుగు, మురికి, తిండి, చెడు తలపు - బోనెక్కని ముద్దాయి లేడు.

మనవాళ్ళతోనే మొదలుపెడదాం. సుశ్రుతుడు ముఖంమీది మొటిమల్ని క్షుద్రరోగాల్లో చేర్చాడు. క్షుద్రం అంటే చేతబడి అనుకునేరు, చిన్నవి అని మాత్రమే అర్థం. యౌవనంలో కఫం, వాతం, రక్తం చెడి ముఖంమీద బూరుగుముళ్ళలాంటి పిడకలు లేస్తాయని చెప్పాడు. ముఖాన్ని పాడుచేస్తాయి గనక వాటికి ముఖదూషికలని పేరు. లేత బూరుగుమానుని దగ్గరికెళ్ళి చూసినవాళ్ళకి ఆ పోలిక ఎంత చక్కటిదో తెలుస్తుంది. అడుగున వెడల్పు, కొసన సూది, బోదెనిండా అవే. వయసొచ్చిన పిల్లవాడి చెంపని, వయసొచ్చిన చెట్టు బోదెని పక్కపక్కన పెట్టి చూసిన వైద్యుడాయన.

చికిత్స మాత్రం కాస్త గట్టిదే. ముందు వాంతి చేయించాలి, తరవాత లేపం పట్టించాలి. ధనియాలు, వస, లొద్దుగచెక్క నూరి పూసే లేపం మన వైద్యగ్రంథాల్లో ప్రసిద్ధం. ఈ లొద్దుగకే సంస్కృతంలో లోధ్ర అని పేరు. పాతతరం తెలుగు ఆడవాళ్ళకి ఆ మాట వినగానే ముఖం కాదు, సీసా జ్ఞాపకం వస్తుంది. మద్రాసులో డాక్టర్ కె.ఎన్. కేసరిగారి కేసరి కుటీరం స్త్రీల కోసం తయారుచేసిన మందు పేరు లోధ్ర. 1928లో 'గృహలక్ష్మి' పత్రిక వెలువడిందీ ఆ కుటీరంనుంచే. అలా ముఖానికి పూసుకోవలసిన చెక్క, మన భాషలో ఆడవాళ్ళ పత్రికకి అండగా నిలబడింది.

ఇక నలుగు సంగతి చెప్పనక్కర్లేదు. పెసలు, శనగలు, బావంచాలు, కచ్చూరాలు, కస్తూరిపసుపు కలిపి పట్టించిన సున్నిపిండి లేని తెలుగిల్లు వెనకటికి ఉండేది కాదు. పార్వతీదేవి ఒంటికి రాసుకున్న నలుగుపిండితోనే కదా వినాయకుడు పుట్టాడు! తొలిపూజ అందుకునే దేవుడే ఒంటినుంచి రాలిన నలుగు బిడ్డ అయినప్పుడు, ఒంటినుంచి రాలేదాన్ని మనం అంత అసహ్యించుకోనవసరం లేదేమో.

పడమట సెల్సస్ అనే రోమను రచయిత మొదటి శతాబ్దంలో వైద్యగ్రంథం రాస్తూ, మొటిమలకీ మచ్చలకీ వైద్యం చెయ్యడం ఇంచుమించు తెలివితక్కువ పనేనని విసుక్కున్నాడు. అయినా ఆడవాళ్ళని అలంకారం మాన్పించలేం గనక రాస్తున్నానన్నాడు. విసుక్కుంటూనే మందులు చెప్పాడు. మగవాళ్ళెవరూ చాటుగా అద్దం చూసుకోనట్టు!

నాలుగో శతాబ్దం చివర థియోడోసియస్ చక్రవర్తి కొలువులో ఉన్న మార్సెల్లస్ చెప్పిన చిట్కా ఇంకా బావుంటుంది. రాత్రి ఆకాశంలో చుక్క తెగి రాలుతుండగా, అది ఆరిపోయేలోపల మొటిమల్ని గుడ్డతో తుడవాలట. చుక్క రాలినట్టే మొటిమలూ రాలిపోతాయట. కాని ఉత్తచేత్తో తుడిచారో, మొటిమలు చేతికెక్కుతాయి, జాగ్రత్త! మనమిప్పుడు నవ్వుకుంటాం గాని, ఈ వైద్యంవల్ల ఎవరి ముఖమూ పాడైపోలేదు. తరవాత వచ్చిన కొన్ని శాస్త్రీయ వైద్యాల గురించి ఆ మాట అనలేం.

ఇక పురుగు కథ. అత్తయ్య పిన్ను కింద బయటికొచ్చిన తెల్లదారాన్ని జ్ఞాపకం చేసుకోండి. ఒళ్ళు తెలుపు, తల నలుపు, ఒక వంపు. అచ్చం పురుగే. యూరప్‌వాళ్ళు కొన్ని వందల ఏళ్ళపాటు అది పురుగేనని నమ్మారు. వైద్యులు దానికి వాడే 'కామెడో' అనే మాటకి లాటిన్‌లో తిండిపోతు అని అర్థం. జర్మనుల మాట 'మిట్‌ఎస్సర్', అంటే కూడా కూచుని తినేవాడు, మన భాషలో పంక్తికి వచ్చిన పిలవని చుట్టం. బిడ్డ పాలు తాగినా ఒళ్ళు చెయ్యకపోతే, చర్మంలో ఉన్న ఈ చుట్టాలే వాడి తిండి తినేస్తున్నాయనేవారు. వేడినీళ్ళు పోసి ఒంటికి తేనె పూస్తే, తీపికి ఆశపడి పురుగులు తలలు బయటపెడతాయని, అప్పుడు కత్తితో గీకెయ్యాలని చెప్పేవారు. ఆకలితో చిక్కిన పసివాడి ఒంటిమీద కత్తి! ఒక తప్పు ఊహకి మూల్యం చెల్లించేది ఎప్పుడూ ఊహించినవాడు కాదు.

భూతద్దాలు వచ్చాక పురుగు కథ చచ్చిపోవాలి కదా. చిత్రం చూడండి, 1842లో బెర్లిన్‌లో గుస్టావ్ సైమన్ అనే వైద్యుడు మొటిమల్లోంచి తీసిన పదార్థాన్ని సూక్ష్మదర్శినికింద పెడితే, నిజంగానే ఒక జీవి కనిపించింది! ఎనిమిది పొట్టికాళ్ళతో, మిల్లీమీటరులో మూడోవంతు పొడుగుతో వెంట్రుక కుదుళ్ళలో కాపరం చేస్తోంది. దాని పేరు డెమొడెక్స్. అయితే పిన్నుకింద బయటికొచ్చిన తెల్లదారం అది కానే కాదు. అది కంటికి ఆననంత చిన్నది, పెద్దవాళ్ళలో చాలామంది ముఖాలమీద ఉండేది, మామూలుగా ఎవరి జోలికీ పోనిది. వందల ఏళ్ళు వెతికిన దొంగ దొరకలేదు గాని, ఆ వీధిలోనే పాపం అద్దెకుంటున్న అమాయకుడొకడు బయటపడ్డాడు.

మరి ఆ నల్లచుక్క ఏమిటి? చర్మంలో ప్రతి వెంట్రుక కుదురు పక్కనా ఒక చమురుగ్రంథి ఉంటుంది. వయసొచ్చేసరికి హార్మోనుల ఆజ్ఞమీద చమురు ఎక్కువగా ఊరుతుంది. అదే సమయంలో కుదురు లోపలి గోడనుంచి రాలవలసిన మృతకణాలు రాలకుండా ఒకదానికొకటి అంటుకుంటాయి. చమురూ కణాలూ కలిసి బిరడాలా బిగుసుకుంటాయి. బిరడామీద చర్మం మూసుకునుంటే తెల్లచుక్క, నోరు తెరుచుకునుంటే నల్లచుక్క. ఆ నలుపు మురికి కాదు. గాలి తగిలి మారిన చమురు, దానితోపాటు మెలనిన్. మెలనిన్ అంటే మన తలవెంట్రుకకి నలుపునిచ్చే పదార్థమే. తలమీద ఉంటే కవులు పొగుడుతారు, ముక్కుమీద ఉంటే మేనత్తలు పిన్నులు లాగుతారు!

ఇంకో రహస్యం. ముక్కుమీద బూడిదరంగులో చిన్నచిన్న చుక్కలు వరసగా కనిపిస్తాయి చూశారా, వాటిలో చాలాభాగం బ్లాక్‌హెడ్స్ కూడా కావు. చమురు బయటికి రావడానికి చర్మం వేసుకున్న మామూలు దారులు. నొక్కి తీసినా, అతికించి పీకినా, నెల తిరక్కుండా మళ్ళీ నిండుతాయి. నిండడం వాటి ధర్మం.

ఇదంతా తెలిసేలోపల వైద్యం చాలా దూరం నడిచింది. అమెరికాలో షాంబర్గ్ అనే చర్మవైద్యుడి పేరుమీద రెండు కొసలా చిల్లిగరిటెల్లాంటి చిన్న పనిముట్టు వచ్చింది. చర్మవైద్యుల బల్లలమీద ఈనాటికీ ఉంది. అత్తయ్య తలపిన్నుకి అది పట్నంలో చదువుకున్న అన్నయ్య. అంతవరకు బాగానే ఉంది. కాని ఇరవయ్యో శతాబ్దం తొలిసగంలో మొటిమలకి ఎక్స్-రే వైద్యం కూడా చేశారు. కిరణాలు తగిలితే చమురుగ్రంథులు ఎండుతాయి, నిజమే. దశాబ్దాలు గడిచాక, అలా ముఖం బాగుచేయించుకున్న కుర్రవాళ్ళలో కొందరికి థైరాయిడ్ కాన్సరు, చర్మకాన్సరు వచ్చాయి. అప్పటికి మొటిమలెలాగూ వాటంతటవే పోయి ఉండేవి.

తిండిమీద కూడా విచారణ జరిగింది. 1969లో అమెరికాలో చాక్‌లెట్‌కీ మొటిమలకీ సంబంధం లేదని ఒక పరిశోధన వెలువడింది. 65 మందికి కొన్నాళ్ళు చాక్‌లెట్ మామూలుకంటే పదింతలున్న బిళ్ళలు, కొన్నాళ్ళు చాక్‌లెట్ లేని బిళ్ళలు తినిపించి చూశారు. తేడా లేదన్నారు. కాని రెండో బిళ్ళలోనూ చక్కెరా కొవ్వూ దాదాపు అంతే! పైగా ఖర్చులో చాక్‌లెట్ తయారుదార్ల సంఘం చెయ్యి ఉంది. నెత్తురులో చక్కెరని గబగబా పెంచే తిండి కొందరికి మొటిమల్ని ఎక్కువ చేస్తుందని ఇప్పుడు వైద్యులు ఒప్పుకుంటున్నారు.

ఆ 65 మందిలో 35 మంది జైలు ఖైదీలు. ఇక్కడ మన కథ నవ్వు మానేస్తుంది.

1899లో జర్మనీలో కార్ల్ హెర్క్స్‌హైమర్ అనే చర్మవైద్యుడు, క్లోరిన్ వాడే కార్ఖానాలో పనిచేసే కూలీల ముఖాలనిండా గుంపులుగా నల్లచుక్కలు రావడం గమనించి, దానికి క్లోరాక్నే అని పేరు పెట్టాడు. ఇది వయసు మొటిమ కాదు, విషం చేసిన సంతకం. కార్ఖానా లోపల జరిగేది కూలీ ముఖంమీద రాసి ఉంటుందని లోకానికి చూపించినవాడు ఆయన. యూదుడు కావడంవల్ల ఆ పెద్దమనిషిని 81వ ఏట, 1942లో, నాజీలు థెరీజియన్‌స్టాట్ శిబిరానికి తరలించారు. ఆ ఏడాదే అక్కడ చనిపోయాడు.

ఆయన సాక్ష్యం పోలేదు. 1976 జులై 10న ఇటలీలో సెవెసో దగ్గర రసాయనాల కార్ఖానానుంచి డయాక్సిన్ మేఘం లేచింది. దాదాపు 200 మందికి క్లోరాక్నే వచ్చింది. వారిలో ఎక్కువమంది పిల్లలు. నల్లచుక్కలే వాళ్ళ తరఫున మాట్లాడాయి.

ఆ డయాక్సిన్‌నే అంతకు పదేళ్ళముందు కొందరి చర్మంమీద కావాలని పూశారు. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలో హోమ్స్‌బర్గ్ జైలుండేది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్ అక్కడ 1951నుంచి 1974దాకా ఖైదీలమీద రకరకాల ప్రయోగాలు జరిపాడు. ఖైదీల్లో నల్లజాతివాళ్ళు ఎక్కువ. తొలిసారి జైల్లో అడుగుపెట్టినప్పుడు తనకి కనిపించింది ఎకరాలకొద్దీ చర్మమేనని ఆయనే ఒక పత్రికవాళ్ళతో అన్నాడు. మనుషులు కనిపించలేదన్నమాట. 1960ల మధ్య ఒక రసాయనాల కంపెనీ కోసం సుమారు 70 మంది ఖైదీలకి డయాక్సిన్ పూశారు. పదిమందికి మోతాదు విపరీతంగా పెంచితే ఎనిమిది మందికి పొక్కులు లేచి, నెలలతరబడి ఉండిపోయాయి. ఆ చిన్నపాటి కూలిడబ్బులకి ఒప్పుకున్నవాళ్ళకి, పూసేదేమిటో సరిగ్గా చెప్పినవాళ్ళు లేరు.

బ్లాక్‌హెడ్స్‌కి ఈనాటికీ మంచిమందుల్లో ఒకటైన ట్రెటినాయిన్‌ని మొటిమల వైద్యంలోకి తెచ్చింది కూడా ఈ క్లిగ్‌మనే. ఎ-విటమిన్ జాతి మందు. కుదుట్లో కణాలు అంటుకోకుండా చేసి, బిరడా కట్టకుండానే ఆపుతుంది. 1971నుంచి అమెరికా మార్కెట్లో ఉంది. ఆయన 2010లో పోయాడు. 2021లో ఆ విశ్వవిద్యాలయపు వైద్యకళాశాల, 2022లో ఫిలడెల్ఫియా నగరం ఖైదీలకి క్షమాపణ చెప్పాయి. అప్పటికి ఎంతోమంది ఆ మాట వినడానికి మిగల్లేదు. మందు మంచిదే, వాడుకుంటాం. కాని దాని వెనకాల ఎవరి వీపులున్నాయో ఒక్కసారి తలుచుకోకపోతే మనకీ ఆ ఎకరాలే కనిపిస్తున్నట్టు.

మనింటి సంగతికి వద్దాం. ఇరవయ్యో శతాబ్దంలో మనకి సబ్బులొచ్చాయి, స్నోలొచ్చాయి, తెల్లబరిచే క్రీములొచ్చాయి. చివరగా స్టెరాయిడ్ ట్యూబులొచ్చాయి. మా చెల్లెలి కూతురు పెళ్ళిచూపులకి రెణ్ణెల్లముందు ముఖంమీద చుక్కలు పోవాలని, ఎవరో స్నేహితురాలు చెప్పిందని, ఒక ట్యూబు కొనుక్కుని పూసుకుంది. వారంలో ముఖం తళతళలాడింది. "మావయ్యా, చూశావా!" అంది, అచ్చం అత్తయ్య గొంతుతో. రెండోనెల చెంపలు ఎర్రబడ్డాయి, నూగు మొలిచింది. పూయడం మానేసిన మూడోరోజుకి ముఖం నిప్పుల్లో పెట్టినట్టు మంట. ఆ ముఖం మామూలు కావడానికి ఏడాదిపైగా పట్టింది. పెళ్ళిచూపులు వాయిదా పడ్డాయి. ఇది ఆ ఒక్క పిల్ల కథ కాదు. దేశంలో చర్మవైద్యులు ఏళ్ళతరబడి మొత్తుకోగా, 2018లో కేంద్రప్రభుత్వం ఒంటికి పూసే స్టెరాయిడ్లు కొన్నిటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని నిబంధన చేసింది. నిబంధన కాగితంమీద ఉంటుంది, ట్యూబు కొట్లో ఉంటుంది. మధ్యలో మన వివేకం ఉండాలి.

మరేం చెయ్యాలంటారా? చిన్నసంగతులే. రోజుకి రెండుసార్లు తేలికపాటి సబ్బుతో మెత్తగా కడుక్కుంటే చాలు. గరుకుపిండితో అరగదీస్తే చుక్క పోదు, చర్మం మండుతుంది. సున్నిపిండి వాడేవాళ్ళు ముఖానికి మట్టుకు వస్త్రకాయితం పట్టి, రుద్దకుండా రాసి కడుక్కోవాలి. తలకి పట్టించిన నూనె నుదుటిమీదికి జారనివ్వకండి. జిడ్డు తలనూనెలవల్ల నుదుట చుక్కలొస్తాయని 1970లోనే వైద్యులు రాశారు. బిరడాని కరిగించడానికి సాలిసిలిక్ ఆమ్లం, కట్టకుండా ఆపడానికి ఎ-విటమిన్ జాతి లేపనాలు ఉన్నాయి. లేపనాలు రాత్రిపూట కొద్దిగా మొదలుపెట్టి, పగలు ఎండనుంచి ముఖాన్ని కాచుకోవాలి. గుణం కనిపించడానికి రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. గర్భవతులు, బిడ్డ కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు ఎ-విటమిన్ మందుల జోలికి పోకూడదు. గోళ్ళతో నొక్కడం ఎవరికీ తగదు. చుక్క నెలలో పోవచ్చు, గోటిగుంట జీవితాంతం ఉంటుంది.

ఈ సంగతులు కొన్ని తెలిశాక, అత్తయ్యకి ఎనభై దాటిన రోజుల్లో, ఒకసారి చెప్పాను. "అత్తయ్యా, అది మురికి కాదట. జుట్టుకి రంగునిచ్చేదేనట." ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "నాకు పదహారో ఏట ఒక సంబంధం వచ్చిందిరా. పిల్ల ముఖం శుభ్రంగా లేదు, మురికిమనిషిలా ఉందన్నారు వాళ్ళు. ఆ రోజు బావిదగ్గర కూచుని ముఖం నెత్తురొచ్చేదాకా పీచుతో తోముకున్నాను. మీకెవరికీ ఆ మాట పడకూడదని..." అంది.

ఆవిడ చేతిలో పిన్ను ఎక్కణ్ణించి వచ్చిందో నాకు అప్పుడు తెలిసింది. ఆ చెయ్యి పట్టుకుని కూచున్నాను. కాసేపటికి నా గడ్డం పట్టుకుని, కళ్ళజోడు సవరించుకుని, ముఖం వెలుతురువైపు తిప్పింది.

"ఇంకా ఒకటుందిరా," అంది. "ఉండనీలే."